పన్నెండో జేబు

బటూమిలో వాన ఒక పట్టాన ఆగదు.
రేవు వెనక సందులో పాత నావికుల క్లబ్బుకి
శనివారం ఆరుగంటల ఆటకని
గొడుగులు దులుపుకుంటూ వస్తారు జనం.
తడిసిన ఉన్నికోట్ల వాసన,
కుర్చీల కింద పొద్దుతిరుగుడు గింజల పొట్టు.

నేను కుట్టుపనిదాన్ని.
లేనిచోట జేబు పుట్టించడం నా బతుకుతెరువు.
గురామ్ కోటులో పదకొండు జేబులు
పేకముక్కలకీ రుమాళ్ళకీ గుడ్లకీ.
వీపున, మఖమల్ అస్తరు కింద
పన్నెండోది
పిట్నాకి.

పిట్నా అంటే మా భాషలో పుదీనా.
చేపల బజారులో పుదీనా కట్టల మీద
ఒళ్ళెరగని నిద్రలో దొరికింది,
బూడిదరంగు పిడికెడు కూన.

"కుక్కకైతే నేర్పుతాం నాతేలా,
పిల్లితో బేరమాడతాం" అనేవాడు గురామ్.
గ్లాసు అంచు మీద చెంచాతో ఒక్క టింగు,
ఒక ఎండుచేప ముక్క.
ఆరునెలలు అదే బేరం.
మొదట మూతలేని పెట్టె,
తర్వాత సగం మూత,
ఆ తర్వాత తన మాసిన చొక్కా లోపల పరిచి
రాత్రంతా పెట్టె పక్కనే నేలమీద పడుకున్నాడు.
లమారా మంచం మీంచి తిట్టింది,
"పెళ్ళానికి చెప్పిపెట్టవయ్యా, ఎవరిని కట్టుకున్నావో!"
తెల్లారేసరికి పిల్లి పెట్టెలో ఉంది,
ఆయన నడుం పట్టేసి ఉంది.
ఎవరు ఎవరికి నేర్పారో, నన్నడగకండి.

ఖాళీ పెట్టె నాలుగు వైపులా తిప్పి చూపిస్తాడు.
చెంచా. టింగు.
మూత ఎత్తుకుని పిట్నా లేస్తుంది,
లేచి, హాలంతా చూసి, ఆవలిస్తుంది.
ఆ ఆవలింత ఎవరూ నేర్పలేదు.
చప్పట్లన్నీ దానికే.

పిల్లి కళ్ళుమూసుకుని పాలు తాగుతుందంటారు,
ఎవరూ చూడటంలేదనుకుని.
నేను తెరపక్కనించి ముప్పైరెండు వరసలూ చూశాను:
ఇంతింత కళ్ళు తెరుచుకుని
మనుషులు ఏమీ చూడరు.

తర్వాత రుమాలు కప్పి మాయం చేస్తాడు.
అది అప్పటికే వీపు మీద, నా కుట్లలో, వెచ్చగా.
అందుకే చివర్న తల మాత్రం వంచుతాడు.
పత్రికవాడు రాశాడు: గురామ్‌ది రాజసం అని.
రాజసం నాలుగు కిలోలుంటుంది.

పదమూడో ఏట ఒక శనివారం
టింగు.
మళ్ళీ టింగు.
పెట్టె ఉలకదు, పలకదు.
ముందువరసలో ఒక పిల్లాడు "చచ్చిపోయింది" అని ఏడుపందుకున్నాడు.
అంతలో లోపలినించి సన్నగా
గుర్రు.
హాలు ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు, పెదాలతో.

ఇంటికెళ్ళి దాని వెనక గిన్నె పడేశాడు.
చెవి కదల్లేదు.
ఇంకో గిన్నె. పెద్దది.
పక్కింటివాళ్ళు గోడ కొట్టారు.
"ఆట మానేద్దాం" అన్నాడు, గిన్నెలు ఏరుతున్న లమారాతో.

నా మిషను కింద పడుకునేది పిట్నా, చిన్నప్పట్నించీ.
ఆ వారం పెడలు తొక్కబోతూ చూశాను:
కాలు ఆడిందో లేదో
లేచి కూర్చుని చేపముక్క కోసం నా మొహం చూసింది.
నేల మాట్లాడితే దానికి వినిపిస్తోంది.
పరుగెత్తాను, చేతికున్న సూదిపట్టీతోనే.

ఇప్పుడు గురామ్ బూటు మడమకి ఇనప లాడం.
చెంచా అలాగే మోగుతుంది, మనకోసం.
వెంటనే మడమతో ఒక్క దెబ్బ, చెక్కలు అదిరేలా.
జనం మురిసిపోతున్నారు, ముసలాడికి ఎంత ఊపో అని.
బస్సు స్టాపులో పిల్లలు అలాగే కాలు కొట్టి
ఒకళ్ళ టోపీలోంచి ఒకళ్ళు పిల్లుల్ని తీస్తున్నారు.

మొన్న గురువారం
పన్నెండో జేబు విప్పి
రెండువేళ్ళ మేర లోపలికి పట్టాను.
జారిపోతోంది, అన్నాడు.
అంతకుమించి ఆయన చెప్పలేదు, నేనడగలేదు.
దారం నోట్లో ఉంది.

శనివారం ఆట అయ్యాక
ఆయన ఎప్పటికంటే కాస్త ఎక్కువ వంగాడు.